తెల్లక్షరాలు బయటికి

8 జూలై 2008, మంగళవారం. రూవి, మస్కట్

ఇప్పుడే రాసిపెట్టాలి. రేపటికల్లా ఖమరుద్దీన్ సార్ మాట్లాడి మాట్లాడి, నేను చూసింది చూడలేదని నాచేతే అనిపిస్తారు.

ఆయన టైర్ల షాపులో నేను కౌంటర్. మా అబ్బా ఫిట్టర్. ఇద్దరి వీసాలూ ఆయన చేతిలోనే.

మా కస్టమర్ ఫజల్ సార్ తన పాత మస్టాంగ్ కారును షాపులో మళ్లీ వదిలి వెళ్లారు. 1970 మోడల్. స్పీడులో స్టీరింగ్ వణుకుతోందట. అబ్బా చక్రాలు విప్పాడు. ఒకటి బోర్లా పడి ఉంది. లోపలి వైపు తయారీ కోడ్ కనిపించింది. చివర మూడే అంకెలు. 347.

2000వ సంవత్సరం నుంచి చేసిన టైరుకు నాలుగు అంకెలుంటాయి. మూడే ఉంటే అంతకు ముందుది: 34వ వారం, చివరి 7 అంటే 1997. అప్పుడు నేను ఐదో తరగతి.

మిగతా మూడూ తిప్పి చూశాను. అన్నీ అవే. 

అదే రోజు, సాయంత్రం

పోయిన నెల ఈ టైర్ల సైజు ఎంచింది నేనే. ఫజల్ సార్ ఇరవై ఇంచుల రిమ్ములు కావాలన్నారు. ముందు చక్రం తిప్పితే ఫెండర్‌కు రాసుకుంటుందని, వెనక లోపలి వైపు స్ప్రింగుకు తగులుతుందని టేపు పెట్టి చూపించాను. పదిహేను ఇంచులే. టైరు వెడల్పు ముందు 235, వెనక 255. ఆయన నవ్వేశారు. ఇంట్లో మా అమ్మాయి అజీజా కూడా నా మాట ఇలాగే కొట్టేస్తుంది, నువ్వు చెప్పిందే బిగించమను అన్నారు.

ఆ సైజులో, పక్కన కంపెనీ పేరు తెల్లక్షరాల్లో ఉండే టైర్లు మస్కట్‌లో దొరకలేదు. ఖమరుద్దీన్ సార్ దుబాయ్ నుంచి తెప్పించారు. ఒంటి మీద మచ్చ లేదు. మా షాపులో తెల్లక్షరాలు ఎప్పుడూ బయటికే. అందం కోసం. కోడ్ ఉన్న వైపు కారు లోపలికి పోతుంది. బిగించాక దాన్ని ఎవరూ చూడరు. నేనూ చూడలేదు.

9 జూలై

ఖమరుద్దీన్ సార్‌కు చెప్పాను. పగలబడి నవ్వారు. టైరేమన్నా పాల ప్యాకెట్టా బేటీ, డేట్ చూసి కొనడానికి? ఏసీ గోడౌన్‌లో ఉన్న సరుకు, ఒక్క కిలోమీటరు తిరగలేదు, కొత్తదే కదా అన్నారు.

పాత రబ్బరు వేడికి లోపల పొరలుగా విడిపోతుందని, ఫజల్ సార్ శనివారం కూతురితో వెయ్యి కిలోమీటర్ల దూరంలోని సలాలా వెళ్తున్నారని, ఎడారి రోడ్డులో టైరు పేలితే ఆ కారు ఆగదని చెప్పాను.

నవ్వు ఆగిపోయింది. మీ అబ్బా వీసా వచ్చే నెల రెన్యువల్ కదా అన్నారు. నన్ను గోడౌన్‌లో స్టాక్ సర్దమని పంపి, కారును అవే టైర్లతో ఫజల్ సార్‌కు తనే అప్పగించారు.

9 జూలై, రాత్రి

ఫజల్ సార్ నంబర్ కొట్టాను. రింగ్ కాకముందే కట్ చేశాను.

10 జూలై, గురువారం

అబ్బాతో చెప్పాను. ఆశ్చర్యపోతాడనుకున్నాను. పోలేదు.

రిమ్ముకు ఎక్కించేటప్పుడే మొండికేసినాయి అన్నాడు. కొత్త రబ్బరు అట్లుండదమ్మా. అయినా సదువుకున్నదానివి, సూసే ఎంచింటావులే అని నోరు మూసుకున్న్యా.

 అబ్బా చేతుల మీద నమ్మకంతో నేను చూడలేదు. నా చదువు మీద నమ్మకంతో అబ్బా అడగలేదు.

చివరికి అబ్బానే అన్నాడు. వీసా పోతే పోనీ, ఫోన్ చెయ్యి.

ఫజల్ సార్ మొబైల్ స్విచ్ ఆఫ్. ఇంటికి చేశాను. వాళ్లింట్లో పనిచేసే పెంచలమ్మ ఎత్తింది. మా కడప మనిషే. అయ్యో, తెల్లారకముందే కారెక్కి పోయినారు మేయ్, శనివారం దాకా అజీజమ్మకు ఓపికేదీ అంది. ఆ తెల్లక్షరాలు నేనే తుడిసినా, పండ్లు తోమినట్టు మెరుస్తాండాయి అని నవ్వింది.

ఫోన్ పెట్టేసి, ఫజల్ సార్ మొబైల్ ఎప్పుడు ఆన్ అయినా అందేలా మెసేజ్ రాయడం మొదలుపెట్టాను.

10 జూలై, మధ్యాహ్నం

పంపిన మెసేజ్ ఇది. అబ్బా తన పేరు కూడా పెట్టమన్నాడు.

ఫజల్ సార్, ఎక్కడున్నా కారు ఆపండి. సగం దారిలో హైమా ఊరు చేరితే అక్కడి పెట్రోలు బంకు దాటొద్దు. టైర్లు పదకొండేళ్ల పాతవి. ఎంచింది నేను, బిగించింది మా అబ్బా. ఇద్దరం పొరపాటు చేశాం. అజీజాను దింపండి. వేరే కారులో వెళ్లండి. రేపు, 11వ తేదీ లోపు ఒక్క మాట రాయండి. తిట్టయినా సరే.

హసీనా, జిలాని