మూడు గంటల కూత

పాకాల,
24-7-1987, శుక్రవారం.

చి.సౌ. పంకజాక్షికి అవ్వ దీవెనలు.

ఇక్కడ నేనూ, పెరట్లో రెండు ఆవులూ బాగున్నాము. విశాఖలో నువ్వూ, మీ ఆయనా, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం సోమవారం అందింది. తేదీ వేయలేదు, పోస్టు ముద్ర చూసి తెలుసుకోవలసి వచ్చింది. పదిమందికి పాఠం చెప్పేదానివి, ఇకనైనా వెయ్యి. నా మోకాలి నొప్పి తగ్గలేదు, పెరగలేదు. నువ్వు పంపిన నూనె ముప్పాతిక సీసా అయింది.

ముందు గదిలో అద్దెకున్న వేరుశనగ కంపెనీవాళ్లు మన ఫోనుకు ఏదో పెట్టె తగిలించారట, అదేమిటని అడిగావు. దాన్ని మోడెం అంటారు. కంప్యూటరుకు తెలిసినవి రెండే గుర్తులట, ఒకటీ సున్నా. ఫోను తీగ మోసేదేమో మనిషి గొంతును. అందుకని ఈ పెట్టె ఆ గుర్తులను రెండు రకాల కూతలుగా మార్చి తీగ మీదికి వదులుతుంది. మద్రాసులో మరో పెట్టె వాటిని విని, మళ్లీ గుర్తులుగా మార్చి అక్కడి కంప్యూటరుకు అందిస్తుంది. ముందు ఒకటి కూస్తే రెండోది బదులు కూయాలి. ఆ పలకరింపు కుదిరితేనే లెక్కలు కదులుతాయి.

నాకిది మరీ కొత్తగా తోచలేదు. మీ తాత ఈ ఊరి స్టేషనులో ఇరవై ఆరేళ్లు తంతి గుమాస్తా. పొట్టి దెబ్బ, పొడవు దెబ్బ, వాటితోనే అక్షరాలన్నీ. మామగారి ఎదుట మేము మాట్లాడుకోకూడని రోజుల్లో నాకూ నేర్పారు. పీట మీద వేలితో కొట్టి, పులుసులో ఉప్పు తక్కువని చెప్పేవారు. తంతి కొట్టేవాళ్లలో ఒక్కొక్కరి చేతిది ఒక్కొక్క తీరు. ఆయన పొడవు దెబ్బను చివర కాస్త లాగేవారు. పోయి పదహారేళ్లయినా ఆ లాగుడు నా చెవిలో ఉంది.

కంపెనీ గుమాస్తా బాలసుబ్రమణ్యం నాకు మొదటి రోజే చెప్పాడు. "అవ్వా, మద్దేనం మూడు నుంచి మూడున్నర దాకా మీ గదిలో ఫోను ఎత్తొద్దండి. రెండిటికీ తీగ ఒకటే. మీరెత్తితే ఆడ అంకెలన్నీ సెదిరిపోతాయి."

"నేనేమన్నా ఫోను కాడ కాపురం ఉండానా?" అన్నాను.

"కాదులే అవ్వా, ముందే సెప్తా ఉండా."

ఈ నెల రెండో తేదీన మూడింటికి గంట ఒకసారి మోగి ఆగింది. అలవాటు కొద్దీ ఎత్తాను. ఇత్తడి పళ్లెం మీద వడ్లు జారినట్టు ఒకటే రొద. పెట్టేయబోతుంటే ఆ రొద అడుగున దెబ్బలు వినిపించాయి. పొట్టి, పొట్టి, పొడవు. ఆ పొడవు చివర లాగుడు.

పంకజా, తరువాత నేను కావాలనే ఎత్తాను. ఏడు, తొమ్మిది, పద్నాలుగు తేదీల్లో. ఆ నాలుగు రోజులూ మద్రాసులో బస్తాల లెక్క పిచ్చి గీతలై దిగింది. నాయుడుపేటకు పోయిన లారీ ఖాళీగా తిరిగి వచ్చింది. బాలసుబ్రమణ్యం భార్య కాన్పుకు తడలో పుట్టింట ఉంది. అతను మా అరుగు మీద కూర్చుని, "నేను తాగి మీటలు నొక్కతా ఉండానని మద్రాసు ఆఫీసు పెద్దాయనకు అనుమానం అవ్వా. సోమవారం వస్తాడు. ఇంగ ఇంటికే నేను" అన్నాడు. మజ్జిగ ఇచ్చాను. నిజం ఇవ్వలేకపోయాను.

సోమవారం కుప్పుస్వామి అనే ఆ పెద్దాయన వచ్చాడు. నేను ముందు గదిలోకి వెళ్లి, "తప్పు ఈ అబ్బిది కాదు. ఫోను ఎత్తింది నేను" అన్నాను.

"ఏంది పెద్దమ్మా, అద్దె పోతాదని సాక్షానికొచ్చినారా?"

"తేదీలు సెప్తా, రాసుకో. రెండు, ఏడు, తొమ్మిది, పద్నాలుగు, పదహారు."

రిజిస్టరు తిప్పాడు. నాలుగు తేదీలకూ తల ఊపాడు. అయిదోదాని దగ్గర వేలు ఆగింది. "పదహారా? ఆ దినం మద్రాసు మిషను విప్పి పెట్టినాం. ఈడికి ఫోనే చెయ్యలేదే!"

"అవును సార్," అన్నాడు బాలసుబ్రమణ్యం నెమ్మదిగా. "నేనూ పెట్టెకు కరెంటు పీకేసి, గదికి బీగం యేసి చిత్తూరు పోయినా."

కుప్పుస్వామి కలం మూసి నవ్వాడు. "లేని కూత కూడా ఇన్నారే! ఒక తేదీ ఇట్ల ఉంటే మిగతావి యెట్ల నమ్మేది పెద్దమ్మా?"

బాలసుబ్రమణ్యం నా వంక చూశాడు. ఆ చూపు నేను మరచిపోలేను.

"పొరపాటు. నాలుగే," అన్నాను. నాలుగు తేదీలే కాగితం మీద రాసి సంతకం పెట్టాను. అతని ఉద్యోగం నిలిచింది. మొన్న బుధవారం నా గదిలో ఫోను తీసేసి, తీగ గోడ దగ్గరికి కోసేశారు. నేనే కోయమన్నాను.

డెబ్బై ఒక్క ఏళ్లలో తెలిసి తెలిసి తప్పు రాసి సంతకం పెట్టడం నాకిదే మొదలు. సరైనది ఒక్కచోటైనా ఉండాలి కనుక నీకు రాస్తున్నాను. ఎవరికీ చూపించవద్దు.

పదహారో తేదీ గురువారం, మూడు గంటల పది నిమిషాలకు ఎత్తాను. అంతకు ముందుకన్నా గట్టిగా ఉంది రొద. భర్త పేరు నోటితో అనకూడదని మా అమ్మ నేర్పింది. యాభై నాలుగేళ్లుగా అనలేదు. ఆ రోజు ఫోను మీద గోటితో కొట్టాను, దొరస్వామి అని, ఒక్కొక్క అక్షరమే. రొద ఠక్కున ఆగిపోయింది. మనం మాట్లాడబోతే ఎదుటి మనిషి ఆగుతాడే, అలా ఆగింది. ఆ నిశ్శబ్దంలో పొడవు, పొట్టి, పొడవు వినిపించాయి. చివరి పొడవు లాగి. తంతివాళ్లలో దానికి అర్థం, 'చెప్పు, వింటున్నాను' అని.

పదహారేళ్లుగా చెప్పవలసినవి ఎన్ని దాచుకున్నానో నీకు తెలియదు. భయపడి ఫోను పెట్టేశాను.

ఇట్లు,
నీ మేలు కోరే అవ్వ,
రాఘవమ్మ.