మామ ఫ్లెక్సీ, నా సూపర్‌నోవా

జూన్ 11, బుధవారం

పుణె నుంచి మెదక్ వచ్చి వారమైంది. కామెర్లు తగ్గుతున్నాయి. కళ్లు ఇంకా పసుపే. మూడు పూటలా జొన్న గటక, మజ్జిగ. కారం అడిగితే అమ్మ చూసే చూపుకే ఆకలి చస్తోంది.

పని మాత్రం ఆగలేదు. లాప్‌టాప్ ఉంది, డాబా మీద సిగ్నల్ ఉంది. నా పీహెచ్‌డీ ముసలి సూపర్‌నోవాల మీద. వేరే గెలాక్సీల్లో నక్షత్రాలు పేలినప్పుడు ప్రపంచమంతా చూస్తుంది. వెలుగు తగ్గాక ఎవరికీ పట్టవు. రేడియో టెలిస్కోప్‌కు మాత్రం చాలా ఏళ్లు సన్నగా అందుతూనే ఉంటాయి. అవి ఎలా చల్లారుతున్నాయో కొలవడం నా పని. అన్నీ బుద్ధిగా చల్లారుతున్నాయి. థీసిస్ కూడా అంతే చప్పగా ఉంది.

జూన్ 13, శుక్రవారం

ఒకటి చల్లారి మళ్లీ వెలిగింది!

పాతికేళ్ల కింద పేలింది. పదేళ్ల కిందటి ఇమేజ్‌లో ఆ చోట ఏమీ లేదు. ఈ మార్చిలో పుణె దగ్గరి మన రేడియో యాంటెన్నాలు తీసిన డేటాలో చక్కని చుక్క. ముందు చున్నీతో స్క్రీన్ తుడిచాను. నిజంగానే తుడిచాను.

చావబోయే నక్షత్రం తన పై పొరల్ని గ్యాస్‌గా ఊదేస్తుంది. పేలుడు తరంగం ఇన్నేళ్లు పరిగెత్తి ఇప్పుడు ఆ గ్యాస్‌ను గుద్దుకుని ఉండాలి. నిజమైతే చాలా పెద్ద సంగతి.

మా గైడ్ జయానందం సార్‌కు పంపాను. ఫోన్ చేశారు. ఎగరకు తల్లీ, సగం డిస్కవరీలు సెల్ టవర్ల రొదే అన్నారు. పరికరాల తప్పులు తీసేసే క్యాలిబ్రేషన్ మళ్లీ మొదటి నుంచి చెయ్యమన్నారు. రెండోసారి చూసినప్పుడు కనబడకపోతే ఆ చాప్టర్ తీసేయాలట.

జూన్ 14

నోరు జారి అమ్మకు చెప్పాను. అమ్మ తన అన్న వెంకట్రాములు మామకు చెప్పింది.

జూన్ 19, గురువారం

మామ కౌడిపల్లిలో ఎరువుల దుకాణం అల్లుడికి అప్పజెప్పి మరీ వచ్చాడు. వచ్చే మెదక్ మున్సిపల్ ఎలక్షన్లో కౌన్సిలర్‌గా నిలబడాలని ఆయన ఆశ. చెప్పులు విప్పకముందే, "బిడ్డా, గా చుక్క నీదేనట గదా, పేరేం పెడ్తున్నవ్?" అన్నాడు.

నాది కాదు మామా, దానికి ఎప్పుడో నంబర్ ఇచ్చేశారు, అది చచ్చి పాతికేళ్లయింది అన్నాను.

"సచ్చిన చుక్కను లేపినవా! మస్తు ముచ్చట!" అని చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఎక్కడికో చెప్పలేదు.

క్యాలిబ్రేషన్ ఎన్నిసార్లు చేసినా చుక్క పోవట్లేదు. సార్ మెత్తబడ్డారు. తన పేరు మీద టెలిస్కోప్ టైమ్ అడిగారు. జూలై 2 ఉదయం ఇచ్చారు.

జూన్ 24, మంగళవారం

అమ్మ కూరగాయలకు వెళ్లి, నవ్వాపుకోలేక సంచీ కింద పడేస్తూ వచ్చింది. రాందాస్ చౌరస్తాలో ఫ్లెక్సీ. "కొత్త నక్షత్రాన్ని కనుగొన్న మెదక్ ముద్దుబిడ్డ కృతిక." నా ఇంటర్ ఫొటో. వెనక రాకెట్. నాకంటే మామ ఫొటోనే పెద్దది.

ఫ్లెక్సీ షాపు ఇబ్రహీం భాయ్‌కి ఫోన్ చేసి రాకెట్ ఎందుకన్నాను. "నెట్ల సూపర్‌నోవా అని కొడ్తే పువ్వు లెక్క వచ్చిందమ్మా. జనాలకు సమజ్ కాదని రాకెట్ ఏసిన" అన్నాడు.

ఆదివారం టెన్త్ టాపర్లతో పాటు నాకూ సన్మానమట. రెండో తారీకున చుక్క మాయమైతే? ఆపమని మామను బతిమాలాను. "హాల్ మాట్లాడిన, పులిహోర చెప్పిన, ఎట్ల ఆపుత బిడ్డా?" అన్నాడు.

 

జూన్ 29, ఆదివారం

నేను కొత్త నక్షత్రం కనిపెట్టానని మామ మైకులో చెప్పాడు. చప్పట్లు. శాలువా. మైకు నా చేతికొచ్చింది. 

అది కొత్తది కాదన్నాను. నేను చూసింది ఇంకా ఖాయం కాలేదని, బుధవారం మళ్లీ చూస్తారని, తప్పు కూడా కావచ్చని చెప్పాను.  మామ నేల చూస్తున్నాడు.

ఆ మొహం చూడలేక ఏదో ఒకటి మొదలుపెట్టాను. పెళ్లి ఊరేగింపు బరాత్ మన గల్లీ దాటిపోతుంది. డీజే చప్పుడు తగ్గుతూ తగ్గుతూ అయిపోయిందనుకుంటాం. కానీ అది చౌరస్తాకు చేరగానే జనం అడ్డం తగిలితే మళ్లీ దద్దరిల్లుతుంది. పేలిన నక్షత్రం బరాత్ కూడా అలాగే చౌరస్తాకు చేరిందేమోనని నా అనుమానం అన్నాను.

ఒక్కసారిగా నవ్వులు. ముందుకంటే గట్టిగా చప్పట్లు.

మామ బండి మీద తిరిగొచ్చాం. గల్లీ మలుపులో, "ఇజ్జత్ తీసినవ్ బిడ్డా" అన్నాడు. ఇంటి ముందు బండి ఆపి, "గని నిజం చెప్పినవ్. బుధవారం నేను సుత వచ్చి కూసుంట" అన్నాడు.

జూలై 2, బుధవారం, ఉదయం

వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో.

నా లాప్‌టాప్ స్క్రీన్ మీద పుణె నుంచి వస్తున్న గీతలు తప్ప ఏమీ లేవు. "జర సౌండ్ పెంచు బిడ్డా" అన్నాడు. సౌండ్ ఉండదు మామా అన్నాను. కాసేపటికి ఇక్కడ వాన మొదలైంది. అక్కడ యాంటెన్నాలు తడుస్తాయేమో ఫోన్ చేసి అడగమన్నాడు. ఈ రేడియో తరంగాలకు మబ్బులు అడ్డం కావని చెబితే నమ్మలేదు. అయినా చివరిదాకా కదల్లేదు. తన కోసం కాదు, నా కోసం వచ్చాడని అప్పుడర్థమైంది.

జూలై 9, బుధవారం

ఉంది.

అదే చోట. రెండు ఫ్రీక్వెన్సీల్లోనూ. ఏ టవరూ అలా చెయ్యలేదు.

సార్‌కు ఫోన్ చేశాను. రీసెర్చ్ పేపర్ నువ్వే రాయి, మొదటి పేరు నీదే అన్నారు.

మామ దుకాణంలో ఉన్నాడు. ఫోన్‌లో వినబడుతూనే ఉంది. "ఆగుండ్రి జర, మా బిడ్డ చుక్క దొరికింది" అని అందరికీ చెప్పాడు.  యూరియాకొచ్చిన వాళ్ల ముందు ఏడ్చేశాడు.

సెప్టెంబర్ 18, గురువారం, పుణె

మళ్లీ చూశారు. చుక్క వెలుగు తగ్గలేదు, పెరిగింది. మా లెక్క ప్రకారం ఇంత పెరగకూడదు. అక్కడ ఏముందో ఎవరికీ తెలియదు. సార్‌ను అడిగితే తెలియదని చెప్పి నవ్వుతున్నారు.