ఎవరి ఇంటి ముందర దిగాలి

దేవపాలు మామకు నమస్కారం. మీ అమ్మాయి సుందరి, నేను బాగున్నాం.

మీ సైకిల్ షాపులో వెనక చక్రానికి వేసిన తక్కువ పళ్ల ఫ్రీవీలుతో సైకిల్ భలే జోరుగా పోతోంది. చిలమకూరు ఫ్యాక్టరీకి అందరికంటే ముందే చేరుతున్నాను. దారిలో మిట్ట మాత్రం ఎక్కలేక, దిగి తోసుకుంటున్నాను. మిట్ట మీదే ఒక పార్టీ పెద్దాయన ఇల్లు. మర్యాదకు దిగుతున్నానని ఆయన మురిసిపోతున్నాడు. పల్లంలో ఉండే రెండో పార్టీవాళ్లు నిన్న నన్ను ఆపి, "ఆడ దిగుతాండావు, మా ఇంటి ముందర దిగవేందప్పా?" అన్నారు.

దిగకుండా మిట్ట ఎక్కేలా ఎక్కువ పళ్లది వేయమని రాయబోతే సుందరి చెయ్యి పట్టుకుంది. "రేపట్నుంచి దిగకపోతే మిట్టాయన ఊరుకుంటాడా?"

కాబట్టి ఫ్రీవీలు అలాగే ఉండనీయండి. ఆదివారం వస్తాను, చైను కాస్త వదులు చేయండి. పల్లంలో వాళ్ల ఇంటి ముందర ఊడిపోతే, దిగి, వంగి ఎక్కించుకుంటాను. దండం పెడుతున్నాననుకుంటారు.

మీ అల్లుడు