నీలి మేడ కిరాయెంత?

హైదరాబాద్, హాస్టల్ మూడో అంతస్తు,
శుక్రవారం

బంగారమసొంటి మా జంగమ్మవ్వకు,

నీ మనవరాలు మల్లిక రాసేది. నేను బాగున్న. అంటే బాగలేను, మస్తు భయమైతాంది, అందుకే రాస్తున్న.

ఫోన్ చెయ్యక ఉత్తరమేంది అనుకుంటవ్. ఈడ ఇంటర్ సెకండియరోళ్ల ఫోన్లన్నీ గుంజుకున్నరు. హాస్టల్ ఫోన్ల మాట్లాడితె వార్డెన్ మేడం పక్కనే కూసొని ఇంటది. నీ ఫోన్ సంగతైతె చెప్పనే వద్దు. దాని స్పీకర్ బందే కాదు. నేను "అవ్వా" అంటె పక్కింటి సాలమ్మ "ఆఁ బిడ్డా" అంటది. ఉత్తరమైతె సీక్రెట్. అంగన్‌వాడీ కోమల టీచర్‌తోని చదివించుకో, పిల్లలు పండుకున్నంక.

సంగతేందంటె, నేను ఆదివారం కోచింగ్‌కు పోతలేను. నా రూమ్మేట్ సుమన చర్చికి పోతది కద, ఆమెతోని నేను గూడ అవుటింగ్ పాస్ తీసుకుంట. ఆమె చర్చికాడ దిగుతది. నేను కోఠి అవతల మీర్జా గల్లీల దిగుత. అది నవాబుల కాలంనాటి బజారు. మొన్నటిదాంక అండ్ల కుక్కలు గూడ పండుకోలే. ఇప్పుడు సర్కారోళ్లు బాగు చేస్తున్నరు, ఊర్లకెల్లి, బయటి దేశాలకెల్లి మనుషులు వచ్చి చూడాలెనని. వైర్లు తీసిండ్రు, గోడలకు సున్నమేసిండ్రు, లైట్లు పెట్టిండ్రు. చాయ్ బండ్లన్నీ లేపేసి ఆ జాగల మనిషి కన్న ఎత్తు సిమెంటు చాయ్ కప్పు కట్టిండ్రు. వచ్చినోళ్లు దాని ముంగట ఫొటో దిగి, "చాయ్ ఏడ దొరుకుతది?" అని నన్నడుగుతరు.

నన్నెందుకంటె, వాళ్లకు పాత ఇండ్లు చూపెట్టేది నేనే. క్లాసుల సార్ లేపితె నాకు నా పేరే యాదికి రాదు. గా గల్లీల నవాబు కట్టిచ్చిన నీలి మేడ ఒకటున్నది, దాని ముంగట నిలబడి ఇంగ్లీషుల దాని కథ చెప్తుంటె మాత్రం నా కాళ్ల వణుకుడు బందైతది అవ్వా. నాకు డాక్టర్ చదువు వద్దు. ఈ పని నేర్పే కాలేజీ గూడ ఉన్నదంట.

బాపుకు తెలిసిందనుకో, మొదటి బస్సుకే నా పెట్టె కట్టిస్తడు. ఆయన కండక్టర్ డ్యూటీ దినాం ఈడి ఇమ్లీబన్ బస్టాండు దాంకనాయె. ఏడ విజిల్ ఇనపడ్డా నా గుండె ఆగుతాంది. నీ కాళ్లు మొక్కుత, ఎవ్వలికి చెప్పకు. బాపుకైతె అస్సలు చెప్పకు.

దొంగతనంగ రాస్తున్న
నీ మల్లి

మళ్లొక మాట: చదివినంక ఈ ఉత్తరం పొయ్యిల పెట్టు. గ్యాస్ పొయ్యిల కాదు, కట్టెల పొయ్యిల.

*

ఊరికెల్లి,
మంగళవారం

మల్లికి, మీ అవ్వ దీవెనలు.

నీ ఉత్తరం ముట్టింది. ఎవ్వలితోని చదివించినవని అడగకు. నమ్మకమైన మనిషే. చదివేటప్పుడు ఒకకాడ చదువుడు ఆగింది గని, ఒట్టేసినంక మాట తప్పే మనిషి కాదు.

ఇండ్లు చూపెట్టే పని దొరికిందని ముందుగాల చెప్పరాదు పిల్లా! నేనింకేందో అనుకొని గుండె పట్టుకున్న. మన మల్లేష్ గదే పని చేసి కారు కొన్నడు. అమ్మినోని దిక్కు కమీషన్, కొన్నోని దిక్కు కమీషన్. నువ్వు ఇంగ్లీషోళ్లకే చూపెడుతున్నవంటె ఇగ మాటేమున్నది. కని పాతిల్లు చూపెట్టేటప్పుడు ఒక ఉపాయముంటది. ముందుగాల బోరు చూపెట్టాలె. గోడ పగిలినకాడ నువ్వే అడ్డం నిలబడాలె.

సాలమ్మ కొడుకుకు హైదరాబాద్‌ల కిరాయిల్లు కావాలె. గా నీలి మేడ కిరాయెంతనో కనుక్కో. మూడు రూములైతె చాలంట. సాలమ్మకెందుకు చెప్పినవని నా మీద ఎగరకు. నేను చెప్పలే. అరుగు మీద చదివిస్తుంటె ఆమెనే ఇన్నది.

ఇట్లు,
కడుపుల దాసుకున్న మీ అవ్వ
జంగమ్మ

రాసినోళ్ల మాట: పైన ఉన్నదంత అవ్వ చెప్పింది చెప్పినట్టు రాసిన, ఒక్క ముక్క కలపలే. ఒప్పందం అదే. కింద జాగ మిగిలింది గనక నా సొంతంగ ఒకటి అడుగుత. ఫిజిక్స్‌ల ఎన్నొచ్చినయ్?

*

హాస్టల్,
గురువారం

అవ్వా!

దండాలు గిండాలు తర్వాత. నేను బ్రోకర్‌ను కాదు!

ఇండ్లు అమ్మను. కిరాయికియ్యను. నాకు కమీషన్ లేదు, సర్కారోళ్లు బస్సు ఖర్చులు ఒక్కటే ఇస్తరు. నీలి మేడల బోరు లేదు, మెట్లు గూడ లేవు, కూలినయ్. అండ్ల పావురాలుంటయ్. మనుషులు వస్తరు, బయట నిలబడి చూస్తరు, నేను చెప్పింది ఇంటరు, ఫొటో తీసుకొని పోతరు. అంతే. అదే టూరిజం.

సీక్రెట్ ఉత్తరం అరుగు మీద చదివిస్తరా అవ్వా ఎవ్వరన్న? గదానికన్న మైకుల చెప్పిస్తె పాయె.

కోమల టీచర్‌కు గూడ చెప్పు. నా ఫిజిక్స్‌తోని ఆమెకేం పని? అంగన్‌వాడీ గుడ్లు లెక్కవెట్టుకొమ్మను. ఇంకోటి, నీ ఉత్తరం మీద స్టాంపే లేదు. వాచ్‌మన్ తాత "బస్సుల వచ్చింది" అని చేతిల పెట్టిండు. బాపు బస్సుల మాత్రం పంపకు, పుణ్యముంటది.

నెత్తి పట్టుకున్న
మల్లి

మళ్లొక మాట: ఫిజిక్స్ పేపర్లు ఇంక దిద్దలే. (దిద్దిండ్రు అవ్వా. నీకొక్కదానికే చెప్తున్న. ఈ బ్రాకెట్ల ముచ్చట కోమల టీచర్ చదవొద్దు.)

*

ఊరికెల్లి,
ఆదివారం

మల్లికి అవ్వ దీవెనలు.

చూసి పోతరా? ఒక్కలు గూడ కొంటలేరా? నా బిడ్డ ఎంత తిప్పలు పడుతాందో అని నాకు అన్నం పోలే.

బిడ్డా, కొనే మనసు లేంది ఎవ్వడన్న ఇల్లు చూడనీకి పైసలు పెట్టుకొని వస్తడా? మనూర్ల కూలిన ఇండ్లు తక్కువున్నయా, ఒక్కడన్న వచ్చి చూసిండా? వాళ్లకు కొనాలెననే ఉన్నది. ముందుగాల ఎవ్వలడుగుతరని ఆగుతున్నరు. నీ ఎనుక మనిషి లేడు, గంతే.

మీ తాత సంతల ఎడ్లమ్మేటప్పుడు ఏం చేసెటోడు? మనోళ్లనే నలుగురిని బేరగాళ్ల లెక్క నిలబెట్టెటోడు. ఒకడు పండ్లు చూసేది, ఒకడు తోక గుంజేది, ఒకడు "నాకియ్యి, నాకియ్యి" అని లొల్లి పెట్టేది. అది చూసి అసలు బేరగాడు ఉరికొచ్చెటోడు. ముసలెద్దును గూడ అట్లనే అమ్మినం.

ఫికర్ చెయ్యకు. వచ్చే ఆదివారం నేను, సాలమ్మ, మన మహిళా సంఘమోళ్లందరం వస్తున్నం. ఆడోళ్లకు బస్సు ఫ్రీ, ఆధార్ కార్డు చూపెడితె చాలు. బేరానికి మేం నిలబడుతం.

ఇట్లు,
నీ ఎనుక ఉన్న
అవ్వ

రాసినోళ్ల మాట: ఊరంత ఒక్క బస్సెక్కితె పాపం కండక్టర్ గతేందని అడిగిన. "వాడు నా కొడుకేనాయె, ఏమంటడు" అన్నది. ఫిజిక్స్ సంగతి: బ్రాకెట్ల ఉన్నదాన్నే ఎవ్వలైన ముందుగాల చదువుతరు.

*

హాస్టల్,
బుధవారం, ఉరుకులాట

అవ్వా, రావొద్దు! రావొద్దు! రావొద్దు!

ఈ ఆదివారమే టూరిజం పెద్ద సార్, కృష్ణకాంత్ సార్, గల్లీకి వస్తున్నడు. నా లెక్క ఇండ్లు చూపెట్టే పిల్లలందరం చెప్పేది ఇని, అండ్ల ఒక్కలిని ఏరుకుంటడు. ఏరుకున్నోళ్లకు సర్టిఫికెట్ ఇస్తడు, అది ఉంటె నేను చెప్పిన కాలేజీల సీటు వస్తది. నాకు ఈ ఒక్కటే ఉన్నది అవ్వా. ఆ రోజు నువ్వొచ్చి నీలి మేడ తోక గుంజితె నా బతుకాగమైతది.

అందరు ఎక్కేది బాపు బస్సేనాయె! "గింత మంది ఏడికి పోతున్నరు?" అని బాపు అడిగితె ఏం చెప్తవ్?

కోమల టీచర్, దండం పెడుత, ఈ ఉత్తరం మాత్రం అరుగు మీద చదవకు.

చెమటలు పడుతున్న
మల్లి

మళ్లొక మాట: ఒకేళ వచ్చినా నన్ను గుర్తుపట్టకు.

*

హాస్టల్,
సోమవారం

అవ్వకు,

వచ్చినవ్ గద. గుర్తుపట్టకంటె గుర్తుపట్టలేదు, నిజమే. "ఈ పిల్ల ఎవ్వలో గని అచ్చం మా మల్లి లెక్కనే ఉన్నది" అని గల్లంత ఇనపడేటట్టు అన్నవ్.

నువ్వు ముంగటున్నవ్, ఎనుక ఏమైందో నీకెర్క లేదు, అందుకే రాస్తున్న. మీరంత టికెట్ల కాడ ఆధార్ కార్డులు చాపి "బస్సుల లెక్కనే జీరో టికెట్ కొట్టు" అంటె, ఆ కౌంటర్ల అన్న ఏడ్చుడొక్కటే తక్కువ. నేను నవాబు పెండ్లి కథ ఎత్తుకున్న. గప్పుడే సాలమ్మ ఉరికి నీలి మేడ గోడ మీద కొట్టి, "గట్టిగనే ఉన్నది, ఈశాన్యం మూలకు బాయి ఉన్నదా?" అన్నది. నువ్వేమో "నేనైతె ఇప్పుడే అడ్వాన్సు ఇస్త" అని కొంగు ముడి ఇప్పినవ్. ఫారిన్ ఆమె "వాళ్లేమంటున్నరు?" అని నన్నడిగింది. "గోడల పనితనం మెచ్చుకుంటున్నరు" అని ఇంగ్లీషుల చెప్పిన. ఆమె కండ్లల్ల నీళ్లు తీసుకున్నది.

మీ సంత ఉపాయం పనిచేసింది, అదే నా ఖర్మ. బొంబాయికెల్లి వచ్చినాయన నిజంగనే ఉరికొచ్చి కృష్ణకాంత్ సార్‌ను రేటడిగిండు! సార్ మొఖం ఎర్రగైంది. "ఇది సర్కారు మేడ. అమ్మం" అన్నడు. దానికి సాలమ్మ ఏమన్నదో యాదికున్నదా?

"అమ్మనోళ్లు సున్నమెందుకేసిండ్రు సారూ?"

అది చాలదన్నట్టు నువ్వు. "తాగే చాయ్ తీసేసి చూసే చాయ్ పెట్టినవా బిడ్డా? పొద్దుగాల్ల బస్సెక్కి వచ్చినం, నోరెండుతాంది."

ఇగ నా పని అయిపోయిందనుకున్న. గాడనే కూలబడ్డ. కని సార్ పక్కన ఫైలు పట్టుకున్నామె ఆయన చెవుల ఏందో చెప్పింది. వాళ్ల రిపోర్టుల "స్థానిక ప్రజల భాగస్వామ్యం" అని ఒక గడి ఉంటదంట, పథకం మొదలైనకాన్నించి ఖాళీగనే ఉన్నదంట. సార్ మొఖం ఎలిగిపోయింది. మిమ్ములను వరుసల నిలబెట్టి ఫొటో తీసింది అందుకే, మీ అందం చూసి కాదు. మీరు పాలమూరోళ్లు, ఆ గల్లీకి స్థానికులెట్లయితరో నాకు తెల్వదు, నేనడగలే. "అమ్మా, నెలకొకసారి వీళ్లను తోలుకురా" అని నాతోని అన్నడు. ఒక చాయ్ బండి గూడ మళ్ల పెట్టిస్తడంట, కప్పు పక్కన.

నన్నే ఏరుకున్నడు అవ్వా.

కని ఒక్కటే తిప్పలు. నాకింక పద్దెనిమిది నిండలే గద, బాపు సంతకం కావాలంట. కాయితం ఈ ఉత్తరంలనే పెట్టిన. బాపును అడగొద్దు! బీరువాల కింది అరల నా పాత ప్రోగ్రెస్ కార్డులున్నయ్, వాటి మీద బాపు సంతకముంటది. దాన్ని చూసి దించమని కోమల టీచర్‌కు చెప్పు. అచ్చం బాపు సంతకం లెక్కనే ఉండాలె. చివర తోక ఉంటది, మూల మలుపుల బస్సు తిరిగినట్టు తిరుగుతది. అది మరువొద్దు.

భయంల సగం, సంబురంల సగం
నీ మల్లి

మళ్లొక మాట: నిన్న బస్సుల బాపు ఏమన్నడు? ఏమనకపోతె నాకింక ఎక్కువ భయం.

*

ఊరికెల్లి, మహబూబ్‌నగర్ జిల్లా,
గురువారం, డ్యూటీ దిగినంక

మల్లికకు,

బాపు రాసేది. నిలబడి ఉంటె కూసో.

నీ మొదటి ఉత్తరమొచ్చిన్నాడు కోమల టీచర్ ట్రైనింగ్‌కు పోయింది. ఇంక రాలే. అవ్వ ఆగుతదా? ఇంట్ల చదువొచ్చినోన్ని నేనొక్కన్నే. ముందుగాల నెత్తి మీద చెయ్యి పెట్టించుకున్నది. "ఏం రాసి ఉన్నా తండ్రి లెక్క చదవొద్దు, చదివేటోని లెక్క చదువు. నేను చెప్పిందే రాయి. తిట్లు రాయొద్దు" అన్నది. నేను సరేనన్న. "బాపుకైతె అస్సలు చెప్పకు" అన్నకాడికి వచ్చినంక ఆగిన. "ఆగినవేంది, చదువు" అన్నది.

నువ్వు చెప్పొద్దన్నవ్ గనక నేను ఎవ్వలికి చెప్పలే. డ్రైవర్‌కు గూడ చెప్పలే. తిట్లన్నీ కడుపుల పెట్టుకొని, చిల్లర తేనోళ్ల మీద తీర్చుకున్న. కింద మిగిలిన జాగ ఒక్కటే నాది, అండ్ల ఫిజిక్స్ అడిగిన. నా రాత నువ్వు గుర్తుపట్టలే. ఎట్ల పడుతవ్? సంతకం తప్ప నా రాత నువ్వు చూసిందేడ?

ఆదివారం బస్సు ఇమ్లీబన్‌ల పెట్టి నేను గూడ వచ్చిన. సిమెంటు కప్పు ఎనుక నిలబడ్డ. మనిషి దాసుకోనీకి మంచిగ పనికొచ్చింది, అది గిట్ల పనికొస్తదని కట్టినోళ్లకు గూడ తెల్వకపోవచ్చు. నువ్వు చెప్పింది ఇంగ్లీషాయె, నాకు సగం గూడ అర్థం కాలే. కని నువ్వు వణుకలే. అవ్వ లొల్లి చేసినప్పుడు గూడ కూలబడి, మళ్ల లేసి, కథ ఆపినకాన్నించే చెప్పినవ్. ఇంట్ల నేను "అన్నం తిన్నవా" అంటె గూడ వణుకుతవ్. నిలబడి గదే చూసిన, గదే ఆలోచన చేసిన.

సంతకం పెట్టిన. అచ్చం బాపు సంతకం లెక్కనే ఉండాలె అన్నవ్ గద, చూస్కో. మస్తు ఏండ్ల సంది ప్రాక్టీసు చేస్తున్న. తోక గూడ తిప్పిన.

కోచింగ్ ఫీజు సంగతి ఇంటికొచ్చినంక మాట్లాడుదం. ఫిజిక్స్ మాత్రం పాస్ కావాలె. అండ్ల బేరం లేదు, సంత మనుషులను తెచ్చినా లేదు.

ఇట్లు,
ఇన్నాళ్లు రాసినోళ్లు, ఇయ్యాల్టి సంది బాపు,
రాంచందర్

అవ్వ మాట: (ఈసారి కింది జాగ ఆమెకిచ్చిన. చెప్పింది చెప్పినట్టు రాస్తున్న.) మల్లీ, నేను మాట తప్పలే బిడ్డా. మీ బాపుకు నేనొక్క ముక్క చెప్పలే, వాడే చదువుకున్నడు. సాలమ్మ పక్కనే ఉన్నది, అడుగుతాంది: గా పావురాలు నీలి మేడ ఖాళీ చేసేదెప్పుడంట?