రాజీ లేని రాజీనామా

మస్కట్, 3 మార్చి 1975

ప్రభువునందు ప్రియమైన మావారికి,

మన ఊరి మిషన్ ఆసుపత్రిలో నాకు నర్సు ఉద్యోగం మాట్లాడేశానని, రాజీనామా ఇచ్చి వచ్చేయమని రాశారు. ఇచ్చేస్తాను. ఇక్కడ మాత్రం ఏం ఒరుగుతోంది?

మా వార్డులో ఒక ఇరాన్ పెద్దాయన నా ప్రాణం తోడేస్తున్నాడు. ఒకప్పుడు మంత్రి, ఢిల్లీలో రాయబారి, ఇప్పుడు ఫార్సీ నిఘంటువు రాసే పండితుడు. ఇక్కడికి దగ్గరి ఖబూరా తీరంలో చేపలవాళ్ల దగ్గర మాటలు ఏరుకుంటూ కడుపునొప్పితో పడిపోయాడు. పిత్తాశయంలో రాళ్లు. ఆపరేషన్ చేయకపోతే బతకడంటున్నారు డాక్టరుగారు. ఈయనేమో ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టడు! పది రోజులుగా అందులో కామాలు దిద్దుతున్నాడు. ఎప్పుడో పైవాళ్లు పెట్టమంటే, మనసొప్పకపోయినా సరిహద్దు ఒప్పందం మీద సంతకం పెట్టి ఊళ్లకు ఊళ్లు పోగొట్టాడట. అప్పట్నుంచి కాగితమంటేనే పడదు. ఆయన మొండికేస్తే చీవాట్లు నాకు. ఈ రాత్రే రాజీనామా రాసిపెట్టుకుంటాను.

మీ కృపావతి

మస్కట్, 15 మార్చి

మావారికి,

తిట్టకుండా చివరిదాకా చదవండి. మీకు ఉత్తరం రాసిన మర్నాడు ఆయన మళ్లీ ఒప్పుకోలు కాగితం తోసేశాడు. నాకు ఒళ్లు మండి, ముందుగా తెలుగులో రాసి జేబులో పెట్టుకున్న నా రాజీనామా చిత్తు తీసి చూపించి, వచ్చిన హిందీలో అరిచాను: "బస్, సాబ్! ఆజ్ మై రాజీనామా దేగా!"

"రాజీనామా? లావో," అని నా తెలుగు కాగితం లాక్కుని కింద సంతకం చేసేశాడు. ఫార్సీలో ఆ మాటకు ఇష్టపడి రాసిచ్చే ఒప్పుకోలు అని అర్థమట! ఇన్నాళ్లకు ఒకరు తన భాష మాటతో అడిగారని మురిసిపోయాడు. నేను కిక్కురుమనకుండా అసలు కాగితం ముందు పెట్టాను. దాన్నీ చదివి సంతకం పెట్టాడు. ఆపరేషన్ అయింది, బతికాడు.

మోసం చేశానేమోనని మనసు ఊరుకోక, ఇవాళ నిజం చెప్పేశాను, మా భాషలో ఆ మాటకు ఉద్యోగం వదలడమని అర్థమని. కుట్లు పట్టుకుని నవ్వాడు. "మొదటిది పొరపాటే. రెండోది చదివే పెట్టాను, ఫికర్ మత్ కరో," అన్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు: "లేకిన్ బేటీ, తుమ్ రాజీ హో?"

ఏమండీ, నువ్వు ఇష్టపడుతున్నావా అని నన్నెవరూ అడగలేదు. ఉద్యోగం మాట్లాడేముందు మీరూ అడగలేదు. చాలా బాధగా ఉంది. ఎంత విసుక్కున్నా ఈ పని నాకిష్టం. నేను రాజీ కాదు, రాను. మిషన్ ఆసుపత్రివాళ్లకు మీరే చెప్పుకోండి.

అడిగితే ముందే చెప్పి ఉండేదాన్ని,
మీ కృపావతి