పాత కోడుకు టెంకాయ

హిందూపురం

రమకు,

సౌభాగ్యవతి అని మొదలుపెట్టను. నీ సౌభాగ్యం నా ప్రాణంతో ముడిపడి ఉందని నేనేనాడూ నమ్మలేదు. ఇక్కడ అమ్మా, నేనూ బాగున్నాం. ధర్మవరంలో నువ్వూ బాగున్నావని నీ ఉత్తరమే చెప్పింది. మరీ బాగున్నావు. ఫోనులో అయితే పోట్లాటవుతుంది, అందుకే నేనూ కాగితం పట్టుకున్నాను.

"ఒక చిన్న మార్పుకు మూణ్ణెల్లా?" అని అడిగావు. అవును. మా బిల్లింగు సాఫ్ట్‌వేర్ వాడే షాపువాళ్లు చీర వాపసు తీసుకుంటే అది మళ్లీ స్టాకులో కలవాలి, అంతే పని. కానీ కోడు పాతది, రాసినవాళ్లు ఒక్కరూ లేరు. వాపసు ముట్టుకుంటే డిస్కౌంటు చెడుతుంది. డిస్కౌంటు సరిచేస్తే బిల్లు ప్రింటు కాదు. ఒకే లెక్క ఐదు చోట్ల, ఐదు రకాలుగా ఉంది. మా టీము పనిచెయ్యడం లేదు రమా, భయపడుతూ కూర్చుంటోంది. దసరాకు ఇది కాకపోతే పెద్ద షాపులు వేరే కంపెనీకి పోతాయి. మా ఆఫీసు మూతే.

ఆ పాత కోడు ఫైలు తెరిచే ముందు మావాళ్లు సర్వరు ముందు టెంకాయ కొడతారు. నవ్వకు. ఒకసారి కొట్టకుండా మారిస్తే షాపులన్నీ ఆగిపోయాయట! మొన్న అడ్డం నిలబడ్డాను.

"టెంకాయ కాదు, ఏది ముట్టుకుంటే ఏది చెడుతుందో పట్టిచ్చే టెస్టులు రాయండి. కొన్నాళ్లు కొత్త పని ఆపి దీన్ని శుభ్రం చేద్దాం" అన్నాను.

"నడుస్తాండేదాన్ని యాల కెలుకుతావప్పా? టెంకాయ కొడితే పోయేదేముండాది?" అన్నాడు ఓనరు సతీష్.

ఎందుకని అడక్కుండా మోయడమే మన జబ్బు. కులాన్నీ అట్లే మోస్తున్నాం, కోడునూ అట్లే.

సరే, ఉపన్యాసం చాలు. పోయిన ఆదివారం పెనుకొండలో కలిసినప్పుడు మీ టీము కొత్తగా రాసిన మగ్గాల యాప్ చూపించావు. పొద్దున అడిగిన మార్పు మధ్యాహ్నానికి ఇచ్చేస్తామన్నావు. నేను తలనొప్పని ముందు రైలుకే వచ్చేశాను. తలనొప్పి కాదు. నువ్వు చూపిస్తున్నంతసేపూ తప్పు కోసం వెతికాను. దొరకలేదు. కడుపు మండిపోయింది. ఆడామగా సమానమని సభల్లో గొంతు చించుకునే నాకు, పెళ్లాం రాసిన శుభ్రమైన కోడు మింగుడుపడలేదు.

మీ టీములోకి రమ్మన్నావు. రాను. అక్కడ అతిథిలా కూర్చుంటే ఈ మంట ఆరదు. ఈ ఆదివారం నువ్వే హిందూపురం రా. సతీష్‌ను అడిగాను. "అక్కయ్య చూస్తే మాకే మేలు గదప్పా" అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి నా కోడు నీకు ఒక్కసారీ చూపలేదు. చూపిస్తాను. నవ్వు, తిట్టు, మొదటి టెస్టు మాత్రం నా పక్కన కూర్చుని రాయి.

సర్వరు ముందు కొట్టబోయిన టెంకాయను ఇంటికి లాక్కొచ్చాను. దోసెల్లోకి చట్నీ నేనే చేస్తాను.

ఇట్లు,
ఇంకా కుళ్లుకుంటూనే ఉన్న నీ ఇంటాయన,
శ్రీనాథ్