మొదటి ఆటే లెక్క

జూన్ 3

నా చేతిరాత బాగుండదు. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఎక్కడ మానాలో ఇప్పటికీ తికమకే. ఆరో తరగతి సగంలో బడి మానేశాను. తప్పులకు మన్నించాలి. ఎవరు మన్నించాలో నాకే తెలియదు, ఇది ఎవరికీ చూపించేది కాదు. ఆయన ఆఫీసు వాళ్ళు ఎప్పుడో ఇచ్చిన డైరీ బీరువాలో ఖాళీగా పడి ఉంటే తీశాను. పాత సంవత్సరానిది. వారాలు కలవవు.

నాకు మాట్లాడటం రాదు. మాట గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంటుంది. నోట్లో నాలుక లేని పిల్ల అని పెళ్ళిచూపుల్లో మెచ్చుకున్నారు. అత్తగారు ఇప్పుడు అదే మాటను తిట్టుగా వాడతారు.

ఆయన చేతులు పనిచెయ్యడం లేదు. రాయడానికి ఇదొక్కటే ఉంది. ముందు గ్లాసు జారింది. తర్వాత చొక్కా గుండీలు. నరాల డాక్టరు కాగితం మీద మనిషి బొమ్మ గీశాడు. ముందు చేతులు, తర్వాత కాళ్ళు అంటూ గీతలు గీసి, మెడ దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆపి, మందులు రాయడం మొదలుపెట్టాడు.

జూన్ 5

ఆయన పని కంప్యూటర్ గేములు ఆడి చూడటం. పిల్లలాట కాదు. గేము అమ్మకానికి రాకముందే కంపెనీ వాళ్ళు ఆయనకు పంపుతారు. ఆయన ఆడి, ఎక్కడ బాగుంది, ఎక్కడ విసుగొచ్చింది, ఎక్కడ మనిషి విసిగి లేచిపోతాడు అని రిపోర్టు ఇస్తారు. చేతుల సంగతి కంపెనీకి తెలియదు. తెలిస్తే ఇంకొకళ్ళకి పంపుతారు.

ఇవాళ నన్ను పిలిచి, ఇక నువ్వే ఆడాలోయ్ అన్నారు. నాకు రాదండీ అన్నాను. రాకపోవడమే కావాలి అన్నారు. ఆయన పనిలో అదే మొదటి సూత్రమట. మనిషి గేము మొదటిసారి ఆడినప్పుడు ఏం చేస్తాడో అదే నిజం. రెండోసారి నుంచి ఆడేది తెలివి, మనిషి కాదు. అందుకని మొదటి ఆటే లెక్క. నేను వెనక కూర్చుంటాను, నోరు విప్పను, నువ్వు ఏం చేసినా తప్పు కాదు అన్నారు.

అత్తగారు గుమ్మంలో నుంచి, బాగానే ఉంది సంబడం, ఇంట్లో అంట్లు నేను తోముతా, మహారాణి ఆటలాడుకుంటుంది అన్నారు.

జూన్ 6

బాణాల గుర్తున్న కీలు నొక్కి నడవడం నేర్పారు. గోడకు గుద్దుకుంటూనే ఉన్నాను. గోడకి నొప్పెడుతుందోయ్ అన్నారు. చాలా రోజుల తర్వాత నవ్వారు.

జూన్ 8, మధ్యాహ్నం

ఆడాను.

గేమంతా చీకట్లోనే. తెర మీద ఏమీ కనిపించడం లేదని కిటికీకి దుప్పటి కట్టాం. చిన్న గేము, ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. కోటలాంటి జైలు. నేను ఆడ ఖైదీని. నాతో ఒక మగ ఖైదీ, కాలు విరిగినవాడు. పేరు చెప్పలేదు, నేను కుంటాయన అనుకున్నాను. ఇద్దరం కాపలావాళ్ళ కళ్ళు గప్పి బయటపడాలి. దీపం వెలుగులో నిలబడకూడదు, చప్పుడు చెయ్యకూడదు. కుంటాయన చెయ్యి నా భుజం మీద ఉండాలంటే షిఫ్ట్ కీ మీద వేలు నొక్కి ఉంచాలి. వేలు తీస్తే కుంటాయన కింద కూలబడతాడు.

దాక్కోవడం నాకు ఇబ్బంది కాలేదు. నిద్రపోతున్న అత్తగారి పక్కనుంచి గిన్నెలు చప్పుడు కాకుండా తీసినట్టే ఉంది. ఒక్కో కాపలావాడి వెనక నుంచి వెళ్ళి నోరు మూసి పొడవాలి. మొదటివాడికి కళ్ళు మూసుకుని నొక్కాను. తర్వాతివాళ్ళకి మూసుకోలేదు.

చివర పెద్ద గేటు. అది మెల్లగా దిగుతోంది. వెనక కుక్కలు, దివిటీలు. ఇద్దరం కలిసి నడిస్తే అందేలా లేదు. నేను వేలు తీశాను. పరుగెత్తాను. బయట వాన కురుస్తోంది, గడ్డి ఉంది. సినిమా అయిపోయినట్టు పేర్లు పడ్డాయి.

వెనక్కి తిరిగాను, గెలిచానండీ అందామని. ఆయన గడ్డం గుండెకు ఆనించి తెరనే చూస్తున్నారు. మాట్లాడలేదు. సూత్రం ప్రకారం మాట్లాడకూడదు కదా అనుకున్నాను. దుప్పటి విప్పి, వంటింట్లోకి వెళ్ళాను.

జూన్ 9

అన్నం కలిపి పెడుతుంటే అడిగారు. ఎందుకు వదిలేశావు?

ఏ వంకా పెట్టకుండా, మామూలుగా అడిగారు. ఆటగాళ్ళని అడిగినట్టే. జవాబు గొంతులో కూర్చుంది. ముద్ద చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

పోనీలే, వెనక్కైనా ఎందుకు చూడలేదు అన్నారు.

ముద్ద ఆయన నోటికి అందించాను.

జూన్ 10

రిపోర్టును ఫోనుకి చెప్పారు. ఆయన చెబితే ఫోనే రాసుకుంటుంది. నేను పక్కనే బట్టలు మడతపెడుతున్నాను. గేటు దగ్గర ఆటగాడు క్షణం కూడా ఆగలేదు, తోడువాడి మీద మమకారం పుట్టలేదు, ఇది గేము లోపం, సరిచెయ్యాలి అని చెప్పారు. గేము లోపం అని రెండుసార్లు చెప్పారు. మొదటిసారి ఫోను సరిగ్గా వినలేదో ఏమో.

జూన్ 12

మళ్ళీ ఆడమన్నారు. ఈసారి గేటు దగ్గర వేలు తియ్యలేదు. ఇద్దరినీ పట్టుకున్నారు. మళ్ళీ ఆడాను, తియ్యలేదు, పట్టుకున్నారు. వేలు తిమ్మిరెక్కింది. ఇంక చాలు, ఇప్పుడు నేను చూస్తున్నానని ఆడుతున్నావు అన్నారు. నిజమే.

జూన్ 15

పాలకి వెళ్ళి వస్తే, ఇంతసేపా అన్నారు. మేడ మీద బట్టలు తీసి వస్తే, ఎవరితో మాట అన్నారు. నేనూ మాటా! పగలబడి నవ్వాల్సిన సంగతి. నవ్వు రాలేదు.

ఇప్పుడు ఆయనకి మెలకువ రాకుండా నడుస్తున్నాను. గచ్చు మధ్యలో ఒక బండ కదులుతుంది, దాన్ని తొక్కకుండా గోడ వెంట వెళతాను. కుర్చీలో నుంచి ఆయన కళ్ళు తెరవకుండానే, దొంగనడకలు బాగా వచ్చాయే అంటారు.

కాళ్ళు కూడా మొదలయ్యాయి. ఎడమ పాదం ఈడుస్తున్నారు.

జూన్ 16

ఏమీ లేదు.

జూన్ 22, ఉదయం

కంపెనీ వాళ్ళు రిపోర్టు మెచ్చుకున్నారట. గేము మార్చి పంపారు. ఇప్పుడు కుంటాయన దారి పొడుగునా మాట్లాడతాడు. తన ఊరి గురించి, చిన్నప్పటి చెప్పుల గురించి. చివరి ఘట్టం మాత్రం చూసి చెప్పమన్నారు. కానీ ఎన్నడూ ఆడని మనిషే ఆడాలి. నేను పాతపడ్డాను.

అమ్మ ఉందిగా అన్నారు ఆయన.

అత్తగారు ముందు ససేమిరా అన్నారు. తర్వాత కొడుకు అడిగాడని ఒప్పుకుని, పొద్దున్నే తలంటుకుని కూర్చున్నారు. వంటింట్లో నా దగ్గరికి వచ్చి, అమ్మాయ్, ఆ మిషను పాడైపోతే వాడి ఉద్యోగం పోదు కదా అని గుసగుసగా అడిగారు. ఆమెకి భయం ఉందని అప్పుడే తెలిసింది.

నాకొక ఆలోచన వచ్చింది. ఈమె కూడా వేలు తీస్తే? నేను తీశాను, అది ఆయన మోస్తున్నారు. కన్నతల్లి తీస్తే మోయలేరు.

నేను చెప్పాను. అత్తయ్యా, ఆ కీ మీద వేలు మాత్రం తియ్యకండి, ఆకాశం ఊడిపడినా సరే. తీస్తే కంప్యూటరు కాలిపోతుంది అన్నాను. నా జన్మలో ఇంత పొడుగు అబద్ధం ఆడలేదు.

జూన్ 22, సాయంత్రం

అత్తగారు ఆడారు. కాపలావాళ్ళకి కనపడకూడదని తెలిసీ, వాణ్ణి చూసి, పోరా దరిద్రుడా, నీ దీపం కొండెక్క అని తిట్టారు. ఆయన నోరు విప్పకూడదు కాబట్టి దగ్గుతున్నట్టు నవ్వారు. పట్టుబడిన ప్రతిసారీ అత్తగారు, నేనేం చేశానురా నీకు, ముసలిదాన్ని అని తెరతో వాదించారు.

గేటు దగ్గరికి వచ్చారు. కుక్కలు మొరిగాయి. కుంటాయన, నన్ను వదిలెయ్, వెళ్ళిపో అన్నాడు. అత్తగారు రెండో చెయ్యి తెచ్చి వేలి మీద వేలు వేసి నొక్కారు. గేటు మూసుకుంది. కాపలావాళ్ళు చుట్టుముట్టారు. తెర నల్లబడిపోయినా ఆమె వేలు తియ్యలేదు.

ఆయన కళ్ళ వెంట నీళ్ళు. తుడుచుకోవడానికి చెయ్యి లేవదు. అత్తగారే కొంగుతో తుడిచారు. తుడుస్తూ నా వైపు చూశారు. కన్నపేగుకి ఉండే పట్టు ఊరికే రాదమ్మా అన్నారు. అప్పటికే ఆమె నా మాట మర్చిపోయారు. తనే పట్టుకున్నానని నమ్ముతున్నారు.

నేను చెప్పలేదు. చెబితే ఇద్దరి దగ్గరా ఏం మిగులుతుంది?

జూన్ 26

ఆయన నాతో మాట్లాడటం తగ్గించారు. గుండీ పెట్టేటప్పుడు తలుపు వైపు చూస్తారు. నేను కుక్కిన పేనులా పని చేసుకుంటున్నాను.

జూలై 2

అన్నయ్య వచ్చాడు. లారీ వీధి చివర ఆపి, చెమటలు కారుస్తూ. బావే ఫోన్ చేశాడు చిట్టీ, నిన్ను తీసుకుపొమ్మన్నాడు, బట్టలు సర్దుకో అన్నాడు. ఆయన కుర్చీలో నుంచి నవ్వుతూ, ఒక నెల ఉండిరావోయ్, నాకు అమ్మ ఉందిగా అన్నారు. అంటూ గడ్డం గుండెకు ఆనించారు. రెప్ప వెయ్యలేదు.

ఆ చూపు నాకు తెలుసు. వెనక కూర్చుని చూసే చూపు.

ఎవరూ చూడకపోతే నేనేం చేద్దును? అక్కడ నిలబడి ఎంత వెతుక్కున్నా లోపల మొదటి ఆట ఆడిన ఆ మనిషి దొరకలేదు. అన్నయ్యకి మంచినీళ్ళు ఇచ్చాను. రాను అన్నాను.

అన్నయ్యకి కోపం వచ్చింది. పాతికేళ్ళు లేవు నీకు, ఎన్నాళ్ళు మోస్తావే, నువ్వేమన్నా రాయివా అన్నాడు. బావా, నువ్వైనా చెప్పు అన్నాడు. విసురుగా వెళ్ళిపోయాడు. చాలాసేపు లారీ స్టార్ట్ అయిన చప్పుడు వినపడలేదు. నేను వస్తానేమోనని ఆగి ఉంటాడు.

చప్పుడు పోయాక ఆయన అన్నారు. తెలివిగా ఆడావు.

జూలై 3

నిన్న ఆ మాట విన్నాక, వెళ్ళిపోవాలని మొదటిసారి అనిపించింది. ఇది ఎక్కడో ఒకచోట రాయాలి కాబట్టి రాస్తున్నాను. అంతకు ముందు ఎప్పుడూ అనిపించలేదు.

జూలై 9

అత్తగారు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఇంట్లో మేమిద్దరమే. దుప్పటి కట్టు, నేను ఆడతాను అన్నారు.

ఈ గేము మీద ఆయన చెయ్యి ఇంతవరకూ పడలేదు. చూడటం వేరు, ఆడటం వేరు అని ఆయనే అంటారు. మోచేతి కింద దిండు పెట్టాను. చూపుడు వేలు తీసి షిఫ్ట్ కీ మీద ఉంచాను. ఇంకో చేత్తో నడిపించాలంటే వల్ల కాలేదు. నేను నడిపించాను, ఎటు అంటే అటు. కుంటాయన భారమంతా ఆ ఒక్క వేలి మీదే.

కుంటాయన చెప్పుల కథ చెప్పాడు. ఆయన శ్రద్ధగా విన్నారు. గేటు కనపడింది. వేలు వణుకుతోంది. వేలి మీద నా వేలు వెయ్యబోయాను. వద్దు అన్నారు. కుక్కలు మొరిగాయి. వేలు పక్కకి ఒరిగిపోయింది. కుంటాయన కూలబడ్డాడు. గేటు మూసుకుంది.

నేను వదల్లేదు, జారింది అన్నారు.

తెలుసండీ అన్నాను.

నీకు తెలుసు, గేముకి తెలియదుగా అన్నారు. దానికి వేలు లేచిందని ఒక్కటే తెలుసు అన్నారు.

చీకట్లో ఫ్యాను చప్పుడు. అప్పుడు నా వైపు తిరగకుండానే అడిగారు. ఆ రోజు నీ వేలు కూడా జారిందా?

ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. అవును అంటే చాలు. ఆయన నమ్ముతారు. నమ్మడానికే అడిగారు. నాకు అబద్ధం వచ్చునని అత్తగారి దగ్గర తెలిసిపోయింది కూడా.

మాట గొంతులో ఆగలేదు. లేదండీ, నేనే తీశాను అన్నాను. గేటు తెరిచి ఉంది, వెళ్ళాలనిపించింది, వెళ్ళాను. మీరు గుర్తుకు రాలేదు. అది ఆటండీ. కుంటాయన మీరని నాకు ఎవరు చెప్పారు?

ఆయన ఏడుస్తారనుకున్నాను. కేకలేస్తారనుకున్నాను. అయితే అన్నయ్య వచ్చినప్పుడు ఎందుకు వెళ్ళలేదు అన్నారు.

తెలియదండీ అన్నాను. నిజంగా తెలియదు.

ఊఁ అన్నారు. మంచినీళ్ళు అడిగారు. గ్లాసు పట్టుకుని తాగించాను. గడ్డం మీద కారితే తుడిచాను. తాగుతూ తలుపు వైపు చూడలేదు.

జూలై 10

కంపెనీకి ఫోన్ చేసి చేతుల సంగతి చెప్పేశారు. అవతలివాడు చాలా మర్యాదగా మాట్లాడాడట. అంత మర్యాదగా మాట్లాడాడంటే ఇక పంపరులే అన్నారు.

జూలై 24

నడవడం పూర్తిగా ఆగిపోయింది. మంచం కిటికీ దగ్గరికి లాగాం.

ఆగస్టు 2

కొడుకు కోసం యమకింకరులు వచ్చినా వేలు తియ్యలేదు నేను అని అత్తగారు పక్కింటావిడకి చెబుతున్నారు, చెయ్యి చాపి ఆ వేలు చూపించి. ఆయన మంచంలో నుంచి వింటున్నారు. ఈ డైరీ ఎవరికి దొరికినా చదవకుండా పొయ్యిలో పెట్టండి. చదివేసి ఉంటే మరీ పెట్టండి. ఆ వేలు ఆమెకి ఉండనివ్వండి.